మా మరదలు కడిగిన కుర్చీ

మా మరదలు పుట్టగానే ఏడవలేదట. ఏడిస్తే ఎవరైనా కోప్పడతారేమోనని ముందు గదంతా ఒకసారి కలయజూసిందట. ఈ ముక్క మా అత్తగారు చెప్పింది కాదు, నేను కల్పించిందే. కానీ విన్నవాళ్లందరూ "అయ్యుంటుంది, అయ్యుంటుంది" అన్నారు కాబట్టి ఇప్పుడది నిజాల్లోకి చేరిపోయింది. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని సిస్టర్లు భయపెట్టేవారు. ఇన్నేళ్లుగా అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను, ఇంకా పడలేదు.

ఇక్కడి నుంచి చెప్పేది మాత్రం కల్పించాల్సిన అవసరం లేనిది. ఎందుకంటే అందులో కొంత నా కళ్లముందే జరిగింది. 

ఆమెని ఇంట్లో అందరం 'బెదురు' అనేవాళ్లం. తలుపు కొడితే బెదురు, కొట్టకపోతే ఎందుకు కొట్టలేదోనని బెదురు. పెళ్లిచూపులకి ఎవరైనా వస్తే పెరటి గోడ దూకిపోయేది. గోడ దూకడానికి మాత్రం భయం లేదు. అలా పెళ్లి లేకుండానే నడివయసు దాటేసింది. వేరే ఊళ్లో ఒక మందుల దుకాణంలో పనిచేసేది. ఆ దుకాణం యజమానికి ఒకటే పట్టింపు. సీసా మీద దుమ్ము కనిపిస్తే లోపల మందు మీద కూడా జనానికి అనుమానం వస్తుందని. అందుకని మా మరదలు పొద్దస్తమానం గుడ్డపెట్టి సీసాలు తుడిచేది. తుడిచి తుడిచి ఆ చెయ్యి ఎలా తయారయిందంటే, మా ఇంటికి వస్తే మాట్లాడుతూ మాట్లాడుతూనే నా కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ నా ముక్కు మీద పెట్టేది.

యజమాని పోయాక కొడుకులు దుకాణం మూసేశారు. ఆమెకి పని పోయింది. అదే వారం కూర్చునే ముక్కాలిపీట కాలు విరిగింది. దాన్ని బాగుచేయించుకుందామని గరాజుల వరస వెనకున్న రేకుల షెడ్డుకి వెళ్లింది.

అది బండ మేస్త్రి షెడ్డు. మనిషి బండలా ఉంటాడు కాబట్టి ఆ పేరు. ఆయన చేసేవి మామూలు కుర్చీలు కావు. కరెంటువాళ్లు తీగలకి అడ్డమొస్తున్నాయని కొట్టేసిన కొమ్మలు, గాలివానకి విరిగినవి తెచ్చుకుని, వాటి వంపు వాటికి ఉంచి, బెరడు కూడా ఉంచదలచినచోట ఉంచి, కుర్చీలూ బల్లలూ చేస్తాడు. మేకు కొట్టడు, బంక రాయడు. "కొమ్మకి దాని సొంత ఆలోచన ఉంటుంది. మనం అడిగి చేయించుకోవాలి" అంటాడు. షెడ్డులో మిషన్ల గోల లేదు. రంపం, ఉలి, బెజ్జాలు వెయ్యడానికి చేత్తో తిప్పే బరమా, కొయ్యసుత్తి, అంతే. మా మరదలు పీట అవుతుందేమోనని ఒక మూల నిలబడింది. ఆయన ఆమె చేతిలో ఒక కొమ్మ, బాడిస పెట్టి, "ఊరికే నిలబడితే కాళ్లు నొప్పులు. ఈ బెరడు గీకు తల్లీ" అన్నాడు.

ఆమె గీకింది. సాయంత్రం దాకా గీకింది. తనని చూసి అరవనిదీ, తను చూసి బెదరనిదీ ఒకటి చేతిలో ఉండడం ఆమెకి అదే మొదటిసారనుకుంటాను. మర్నాడు మళ్లీ వెళ్లింది. అలా అక్కడ నేర్చుకునేవాళ్లలో చేరిపోయింది. అప్పటికి అక్కడ నేర్చుకుంటున్నది ఒక్కడే. లారీ నడపడం మానేసిన డ్రైవరు. పక్కనున్నవాడితో మాట్లాడినా పక్క వీధికి వినబడుతుంది కాబట్టి అతన్ని హారను అనేవారు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. నేర్చుకునేవాళ్లు చేసిన మొదటి కుర్చీలో మేస్త్రే కూర్చుంటాడు. ఒక్కపూట కాదు, ఎండాకాలం మొదలైనప్పటి నుంచి తొలివాన పడేదాకా రోజూ. రంపాలకి పదును పెట్టుకోవడం, టీ తాగడం, మధ్యాహ్నం కునుకు, అన్నీ అందులోనే. ఎండాకాలం కర్రలోని తడినంతా లాగేస్తుంది, అప్పుడే కర్ర నిజం చెబుతుందని ఆయన లెక్క. ఆ రోజుల్లో చేసినవాళ్లు కుర్చీని వేలితో కూడా తాకకూడదు. వాన పడేసరికి కుర్చీ నిలబడితే, చేసినవాళ్ల గుర్తు కాల్చి దాని అడుగున వేస్తాడు. ఆ రోజు నుంచి వాళ్లకి షెడ్డులో సొంత బల్ల.

ఈ ఆచారం మేస్త్రి భార్యకి ప్రాణసంకటం. ఎందుకంటే మేస్త్రి అంతకు ముందు సంవత్సరం స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లోపల ఇనప కడ్డీ వేశారు. ఇంకోసారి పడితే మళ్లీ లేచి నడవడమనేది మరిచిపోవాలని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"ఈసారికి హారన్ని కూర్చోబెట్టండి. వాడైతే పడినా రబ్బరుబంతిలా లేస్తాడు" అని ఆవిడ బతిమాలింది.

"నేను నేర్పినదాని మీద నేనే కూర్చోకపోతే ఇంకెవడు కూర్చుంటాడే?" అన్నాడాయన.

ఎండలు ముదిరే ముందు మా మరదలు కుర్చీ పూర్తయింది. వీపు ఆనించేచోట కొమ్మ సహజంగా రెండుగా చీలి ఉంది, మనిషి భుజాలకి సరిగ్గా సరిపోయేలా. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, మెల్లిగా కూర్చుని, వెనక్కి ఆని, "ఊఁ" అన్నాడు. ఆయన 'ఊఁ' అనడమంటే ఇంకొకరు సన్మానం చేసినట్టు. మా మరదలు ఆ రాత్రి ఏ భయమూ లేకుండా నిద్రపోయిందట.

మర్నాడు ఎవరో కొత్తాయన షెడ్డు చూడ్డానికి వచ్చాడు. మేస్త్రి ఆమె కుర్చీలోనే కూర్చుని ఆయనకి కిటుకు చెబుతున్నాడు.

"కాళ్లు కొంచెం పచ్చిగా ఉండాలండీ. వాటిని కలిపే అడ్డకర్రలు మాత్రం ఎముకలా ఎండిపోవాలి. అందుకే మా ఇంట్లో కట్టెల పొయ్యి మీద అటక కట్టి వాటిని అక్కడ ఎండబెడతాం. ఎండిన కర్రని పచ్చి కాలిలో దిగగొడితే, కాలు ఎండేకొద్దీ దాన్ని పట్టి బిగించేస్తుంది. ఇక ఏనుగు కూర్చున్నా ఊడిరాదు."

"మరి అడ్డకర్ర తడిగా ఉంటేనో?" అని ఆయన అడిగాడు.

"ఆ రోజుకి భేషుగ్గా బిగుస్తుంది. ఎండ తగిలాక సన్నబడి, ముసలాడి పన్నులా ఒకరోజు తనంతట తనే రాలిపోతుంది. దానిమీద కూర్చున్నవాడు ముసలాడైతే, వాడు కూడా."

మేస్త్రి నవ్వాడు. హారను షెడ్డు రేకులు అదిరేలా నవ్వాడు. మా మరదలికి చేతిలో ఉలి జారి పాదం పక్కన గుచ్చుకుంది.

ఎందుకంటే ఆమె అడ్డకర్రల్ని కడిగింది.

అటక మీద నుంచి దించినప్పుడు అవి మసిపట్టి నల్లగా ఉన్నాయి. సీసా మీద దుమ్ము చూడలేని చెయ్యి అది. గదికి తీసుకెళ్లి, సబ్బు పొడి కలిపిన బకెట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పీచుతో తోమి, కాస్త ఆరగానే తెచ్చి, మొనలు చెక్కి, కాళ్లలో దిగగొట్టింది. "ఎంత తెల్లగా ఉన్నాయమ్మా!" అని మేస్త్రి భార్య మెచ్చుకుంది కూడా. ఆ తెలుపు చెక్కడం వల్ల వచ్చిందనుకున్నారందరూ. అటక మీంచి దించినవాటిని తీసుకెళ్లి నానబెట్టే మనిషి ఈ లోకంలో ఉంటుందని మేస్త్రికి కలలోనైనా తట్టి ఉండదు.

చెప్పెయ్యాల్సింది అప్పుడే. చెబితే వెళ్లగొడతారు. చెప్పకపోతే ఆయన పడతాడు. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, చివరికి భయస్తులు మాత్రమే కనిపెట్టగలిగే మూడో దారి ఒకటి కనిపెట్టింది. తడి ఉన్నంతకాలం కర్ర బిగుతుగా ఉంటుంది కదా, అయితే తడి ఆరకుండా చూస్తే సరి!

రోజూ అందరికంటే ముందు వచ్చేది. ఊడ్చే నెపంతో తలుపు తీయించుకుని, తడిగుడ్డ పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కుర్చీ చుట్టూ పాకుతూ ఒక్కో అతుకు దగ్గరా నీళ్లు పిండేది. మేస్త్రి వచ్చి కూర్చునేవాడు. ఆయన వెనక్కి ఆనినప్పుడల్లా ఈమె ఊపిరి ఆగేది. ఆయన ముందుకి వంగితే మళ్లీ ఆడేది. తుమ్మితే చాలు, ఆమె చేతిలో పనిముట్టు కిందపడేది. పగలంతా చెవులు ఆ కుర్చీకే అప్పగించి పనిచేసేది. కిర్రుమందా? లేదా? ఇప్పుడు వినబడింది కుర్చీదా, హారను చెప్పులదా? ఎండ పెరిగేకొద్దీ నీళ్లు పెంచింది. అయినా ఒకరోజు పొద్దున వెనకవైపు అడ్డకర్రని పట్టుకుంటే అది ఆమె చేతిలో మెల్లిగా తిరిగింది. కాలూ కర్రా వేరైపోతున్నాయని వేళ్లకి తెలిసింది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడకి కంటి ఆపరేషను. అక్కకి తోడుగా రాకపోతే బాగుండదు. వచ్చింది.

వచ్చిందన్నమాటేగానీ మనిషి ఇక్కడ లేదు. అక్క కంట్లో మందు వేస్తూ కిటికీలోంచి ఎండని చూస్తుంది. మందు ముక్కులో పడుతుంది. మా భోజనాల బల్ల కాళ్లు పట్టుకుని ఊపి చూస్తుంది. నేను కుర్చీలోంచి లేస్తే కళ్లు మూసుకుంటుంది.

"ఏమే, నన్ను చూసి కళ్లు మూసుకునేంత అందగాణ్ణయ్యానా ఈ వయసులో?" అన్నాను.

భోరుమంది. అంతా చెప్పింది.

"కుర్చీకి నీళ్లు పోశావా? ఎందుకు, మొలకెత్తుతుందనా?" అన్నాను. అలవాటు కొద్దీ అన్నానుగానీ, ఆ మాట సగంలోనే నా నవ్వు ఆగిపోయింది. బండలాంటి మనిషి. తుంటిలో కడ్డీ. మూడు రోజులుగా తడి తగలని కుర్చీ. బయట కాకి కూడా ఎగరని ఎండ.

"ఫోన్ చేసి కూర్చోవద్దని చెప్పవే!"

"వద్దు బావా! వాళ్లిద్దరికీ ఒకటే ఫోను, ఆయన దాన్ని కిటికీలో పెడతారు. మోగితే దిగ్గున లేస్తారు. లేచేటప్పుడే వెనకకాళ్ల మీద భారమంతా పడేది!"

"హారనుకి చెయ్యి."

"అతని ఫోన్లో ఎప్పుడూ చార్జింగుండదు. అరిస్తే వినబడుతుందని ధీమా."

పక్కగదిలోంచి కంటికి గంతలు కట్టుకున్న మా ఆవిడ అరిచింది. "ఆ పెద్దాయన పడిపోతుంటే మీరిద్దరూ ఇక్కడ కూర్చుని కబుర్లేమిటి? వెళ్లండి! నా కన్ను నేను చూసుకుంటాను!"

బస్సు కిటికీలోంచి వేడిగాలి కొలిమిలా కొట్టింది. మా మరదలు ముందు సీటు కడ్డీని పట్టుకుని కూర్చుంది, అదే ఆ కుర్చీ అయినట్టు, వదిలితే ఊడిపోతుందన్నట్టు. ఎదురుగా అంబులెన్సు ఒకటి అరుచుకుంటూ వచ్చి మమ్మల్ని దాటి వెళ్లింది. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. "మా ఊరి వైపు నుంచే వస్తోంది బావా" అంది. నేను ఎన్నో కోతలు కోసినవాణ్ణి. ఆ క్షణంలో ధైర్యం చెప్పడానికి ఒక్క కోత కూడా తట్టలేదు.

గరాజుల వరస తిరిగేసరికి షెడ్డు ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. మా మరదలు మలుపులోనే ఆగిపోయింది. రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లాను. తీరా చూస్తే వాళ్లు బండిలోంచి కొమ్మలు దింపుతున్నారు. వాళ్ల మధ్యలో హారను. "అక్కొచ్చింది! అక్కొచ్చింది!"

లోపల మేస్త్రి ఆ కుర్చీలోనే ఉన్నాడు. మోకాలి మీద రంపం పెట్టుకుని పదును పెడుతున్నాడు. ఆకురాయి కదిలినప్పుడల్లా కుర్చీ వెనకకాలు ఒకటి నేల మీద సన్నగా వణకడం నాకు కూడా కనిపించింది.

"వచ్చావా తల్లీ! అక్క కన్నెలా ఉంది?" అన్నాడు. అప్పుడు వెనకనున్న నన్ను చూశాడు. "మీ బావగారా? అయ్యో, రండి, రండి." రంపం పక్కన పెట్టి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఊని, మర్యాదగా లేవబోయాడు.

కుర్చీ మూలిగింది.

"లేవకండి!"

ఆ అరుపు మా మరదలిదని నాకు తెలియడానికి కాసేపు పట్టింది. అంతకు ముందు ఆమె గొంతు అంత దూరం వెళ్లడం నేను వినలేదు. బయట హారనే నోరు మూసుకున్నాడు.

మేస్త్రి సగం లేచి ఆగిపోయాడు. "అదేమిటమ్మా, పెద్దాయన నిలబడితే నేను కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"నేను నిలబడే పుట్టానండీ, మీరు కూర్చోండి" అన్నాను. నోటికి ఏదొస్తే అది.

ఆయన మెల్లిగా భారమంతా మళ్లీ కుర్చీకి ఇచ్చాడు. ఎక్కడో కర్ర కర్రని ఒరుసుకున్న చప్పుడు. మా మరదలు నేల మీద పడి, పాకుతూ వెళ్లి, వెనకకాళ్లు రెండూ రెండు చేతులతో దగ్గరికి నొక్కి పట్టుకుంది. కుర్చీ కింద నుంచి మాట వచ్చింది.

"కడిగానండీ."

"ఏం కడిగావు?"

"అడ్డకర్రల్ని. సబ్బు పొడిలో. రాత్రంతా నానబెట్టి."

మేస్త్రి మెడ ఒక్కటే తిప్పి, పక్కకి వంగకుండా, కుర్చీ చేతి కిందకి చూశాడు. అతుకు దగ్గర గోరు దూరేంత సందు. ఆయన మొహంలో రక్తమంతా ఎటో పోయింది. అంత పెద్ద మనిషి భయపడితే చూడడం కష్టం. గోడ వణికినట్టుంటుంది.

"కదలకండి బాబోయ్" అని మేస్త్రి భార్య గుమ్మంలోంచి అంది. ఆవిడ కూడా కదలలేదు.

"తాడు" అన్నాడు మేస్త్రి, పెదవులు మాత్రమే కదిపి. "కొమ్మలకి కట్టిన తాడు. నాలుగు కాళ్లకీ రెండు చుట్లు వెయ్యి. మధ్యలో కర్రముక్క దూర్చి మెలిపెట్టు. మెల్లిగా... నా ఒళ్లు కదలకూడదు."

హారను తాడు తెచ్చాడు. మా మరదలు చుట్టింది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. కర్రముక్క తిప్పేకొద్దీ తాడు బిగిసింది, కాళ్లు ఒకదాని వైపు ఒకటి జరిగాయి. నేనూ హారనూ చెరో చంక కింద చేతులు వేశాం. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఎత్తాం. ఇంత బరువు నేను జీవితంలో ఎత్తలేదు. ఈ ముక్కలో అతిశయోక్తి లేదు, నా నడుమే సాక్షి.

ఆయన రెండు కాళ్ల మీదా నిలబడ్డాక, గోడ పట్టుకున్నాక, మా మరదలు మెలి వదిలింది. వెనక అడ్డకర్ర ఎవరూ తాకకుండానే జారి నేలమీద టక్కుమని పడింది. తెల్లగా, శుభ్రంగా ఉంది.

హారను దాన్ని తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు.

"రోజూ పొద్దున తడిగా తగిలేది..." అన్నాడు మేస్త్రి దాన్ని తిప్పి చూస్తూ.

"నీళ్లు పోసేదాన్నండీ. బిగుతుగా ఉంటుందని."

"నువ్వా!" ఆయన గోడ వదిలేశాడు. "కూర్చుని లేస్తే పంట్లాం వెనక తడి! ముసలితనంలో ఒంటి మీద అదుపు తప్పిందనుకుని నెల్లాళ్లుగా చస్తున్నాను! డాక్టరుకి చెప్పాలంటే సిగ్గు, దీనికి చెప్పాలంటే ఇంకా సిగ్గు!"

"అందుకా పంట్లాలు మీరే ఉతుక్కుంటున్నారు?" అంది భార్య.

హారను నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. నేను బయటికి వెళ్లి కొమ్మల్ని పరీక్షగా చూడ్డం మొదలుపెట్టాను. నవ్వు లోపలి నుంచి తన్నుకొస్తోంది.

మా మరదలు మాత్రం నవ్వలేదు. సంచీ తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది, వెళ్లమంటే వెళ్లిపోవడానికి సిద్ధంగా.

"కడిగింది తెలియక. దానికి నేనేమీ అనను" అన్నాడు మేస్త్రి. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "నీళ్లు పోసింది తెలిసి. ఇన్నాళ్లూ నేను కూర్చున్నది కర్రల మీద కాదు, నీ భయం మీద. దానికి మేకులు కొట్టినా నిలవదు తల్లీ."

ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"సంచీ అక్కడ పెట్టు. హారను దింపిన కొమ్మల్లో కాళ్లకి పనికొచ్చేవి ఏరు."

మరుసటి ఎండాకాలం నన్ను కూడా పిలిచారు. రెండో కుర్చీ షెడ్డు మధ్యలో ఉంది. దీని అడ్డకర్రలు మసితో నల్లగా, మొహం కడుక్కోని పిల్లల్లా ఉన్నాయి. వాటిని చూస్తూ ఉండడానికి మా మరదలు ఎంత అవస్థ పడిందో ఆమెకే తెలియాలి.

మేస్త్రి ముందుకి వచ్చాడు. కుర్చీకి వీపు పెట్టి నిలబడ్డాడు. చేతులు వెనక్కి చాపాడు. అక్కడే ఆగిపోయాడు. తుంటి దగ్గర చెయ్యి వేసుకున్నాడు. మళ్లీ వంగబోయాడు. మోకాళ్లు వంగలేదు. నుదుటి మీద చెమట.

"కూర్చోండీ" అంది భార్య, కళ్లు మూసుకుని.

"కూర్చుంటానే. తొందరేముంది?"

మా మరదలు ఆయన్ని చూసింది. ఆ మొహం మీద ఉన్నదేమిటో గుర్తుపట్టడానికి ఆమెకి ఎవరూ నేర్పక్కరలేదు. ఆ బెదురు అక్కడ పెట్టింది తనే.

"జరగండి మేస్త్రిగారూ" అంది.

జరిగాడు. ఆమె కూర్చుంది. ఆచారంలో లేని పని. కూర్చున్న మరుక్షణం వణుకు మొదలైంది. ముందు చేతులు, తర్వాత భుజాలు, తర్వాత పళ్లు టకటకా. మనిషి మొత్తం జ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది. మేస్త్రి భార్య భుజం పట్టుకుని మెల్లిగా వంగి, ఒక్కో అతుకు దగ్గరా చెవి పెట్టాడు. కిర్రుమనలేదు. వేలు పెట్టి చూశాడు. ఆమె వణుకుతోంది, కుర్చీ వణకడం లేదు.

"హారనూ, ఇటు రా, చూడు. ఇంతకంటే గట్టి పరీక్ష నేను కూడా పెట్టలేను" అన్నాడు. లేచి నిలబడి ఊపిరి వదిలాడు. "సరే తల్లీ, ఇక లే. నేను కూర్చుంటాను."

"లేవలేనండీ" అంది. "కాళ్లు రావడం లేదు."

"వచ్చాకే లే" అన్నాడు మేస్త్రి. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, తన వంతు కోసం పక్కనే నిలబడ్డాడు.